పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుకి ఎంత పెట్టాలి? క్లాసంతా వస్తోంది, లెక్క తేలట్లేదు

నిత్యవాళ్ళమ్మ

అందరికీ నమస్కారమండీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మా పాపకి వచ్చే నెల ఆరేళ్ళు నిండుతాయి. ఈసారి క్లాసులో అందర్నీ పిలవాలని పట్టుపట్టింది. 26 మంది. వాళ్ళతో పాటు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎంతమంది వస్తారో తెలీదు. కేకు, ఆటలు, అలంకరణ అన్నిటికీ ఒక అంచనా వేసుకున్నాం. తేలనిదల్లా వెళ్ళేటప్పుడు పిల్లల చేతికిచ్చే సంచి.

ఈ ఏడాది మేం ఏడు పార్టీలకి వెళ్ళాం. మొదటి ఇంట్లో ఒక పెన్సిలు, రెండు స్టిక్కర్ల షీట్లు ఇచ్చారు. తర్వాత వాళ్ళు రంగుల పెట్టె. ఆ తర్వాత నీళ్ళ సీసా. పోయిన నెల పార్టీలో ఏకంగా రిమోటు కారు ఇచ్చారు. మేం పట్టుకెళ్ళిన బహుమతి కంటే అదే ఖరీదైనది. ఇంటికొచ్చి విప్పి చూశాక మా ఆయనా నేనూ చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. ఇప్పుడు మా వంతు. దానికి దీటుగా ఇవ్వాలంటే సంచులకే పార్టీ మొత్తానికి అయినంత అవుతుంది. పెన్సిలు ఇస్తే మా పాపని క్లాసులో ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయంగా ఉంది.

మీరైతే ఎంత పెడతారు? దేన్నిబట్టి తేల్చుకుంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

ముగ్గురికి అమ్మ

నిత్యవాళ్ళమ్మగారూ, ఈ బెంగ ముగ్గురు పిల్లలతో మూడు సార్లు పడ్డాను కాబట్టి చెప్తున్నా. మా ఇంట్లో లెక్క ఇది: పార్టీ మొత్తానికి వంద అనుకుంటే సంచులన్నిటికీ కలిపి పది. మరీ ముచ్చటపడితే పదిహేను. అది దాటనివ్వం.

అందరం చేసే పొరపాటు ఒకటుంది. "తలకి ఇంతేగా" అని ఒక వస్తువు చేతిలోకి తీసుకుంటాం. ఒక్కదాని ధర చూస్తే చిన్నదిగానే ఉంటుంది. తర్వాత దాన్ని 26తో గుణించి ఉలిక్కిపడతాం. ఈలోగా పిల్ల దాన్ని చూసేసి ఉంటుంది, వెనక్కి తగ్గలేం. అందుకని ముందు మొత్తం ఎంతో రాసుకుని, దాన్ని తలలతో భాగించి, వచ్చిన అంకె పట్టుకుని కొట్లోకి వెళ్ళండి. పాపని మొదటిసారే తీసుకెళ్ళకండి. రెండు మూడు రకాలు మీరు ఎంచాక, వాటిలోంచి తనని ఎంచుకోమనండి.

26 అంటే 30 చేయించండి. చెప్పాపెట్టకుండా వచ్చే చిన్న తమ్ముడు ఎప్పుడూ ఒకడుంటాడు.

వద్దనుకున్నం

అక్కా, మేము రెండేండ్ల సంది ఇస్తనే లేం. పిలుపు పంపినప్పుడే రాస్తున్నం, "బహుమతులు తేవద్దు, మేమూ సంచులు ఇస్తలేం, పిల్లలు వచ్చి ఆడుకుంటే చాలు" అని. మొదటిసారి మస్తు భయమైంది. ఒక్కరు కూడా ఏమనలే. ఇద్దరు తల్లులు మాత్రం పక్కకి పిలిచి మంచిపని చేసినవన్నరు. కాకపోతే ముందే చెప్పాలె. చెప్పకుండా పార్టీ అయినంక ఉత్త చేతులతో పంపిస్తే పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తరు, అది మంచిగ అనిపియ్యది.

చిన్నబడి టీచరు

పదిహేడేళ్ళుగా చిన్న క్లాసులకి చెప్తున్నాను. పార్టీ మర్నాడు బళ్ళో ఏం జరుగుతుందో చెప్తే మీకు పనికొస్తుందేమో.

పిల్లలు సంచిలోని వస్తువు ఖరీదు గురించి మాట్లాడుకోవడం నేను దాదాపు వినలేదు. "నీకు ఎర్రది వచ్చిందా, నాకు నీలం వచ్చింది" అంటారు. "నాకెందుకు డైనోసార్ రాలేదు" అని ఏడుస్తారు. అంటే వాళ్ళకి పట్టేది తేడా. ఆడపిల్లలకి ఒకటీ మగపిల్లలకి ఒకటీ ఇచ్చిన పార్టీ మర్నాడు నేను పాఠం మొదలుపెట్టడానికే అరగంట పట్టింది. లారీ కావాలనుకున్న పాపకి క్లిప్పులు వచ్చాయి, బొమ్మల పుస్తకం కావాలనుకున్న బాబుకి లారీ వచ్చింది.

ఈ వయసే అలాంటిది. 2008లో ఎర్న్‌స్ట్ ఫెయర్ అనే ఆర్థికవేత్త, తోటి పరిశోధకులతో కలిసి చిన్నపిల్లల చేత మిఠాయిలు పంచించి చూశాడు. మూడు నాలుగేళ్ళ పిల్లలు ఎక్కువమంది తమ సంగతే చూసుకున్నారు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి చాలామంది సమానంగా పంచడానికే మొగ్గారు. మీ పాప సరిగ్గా ఆ మధ్యలో ఉంది. అందుకని 26 సంచుల్లో ఒకే వస్తువు, వీలైతే ఒకే రంగు పెట్టండి. ధర తక్కువైనా ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఖరీదు గురించి మాట్లాడేది ఇంట్లో పెద్దవాళ్ళు. వాళ్ళ నోట విని పిల్లలు బడికి మోసుకొస్తారు.

ఇంకో మాట. క్లాసులో సగం మందినే పిలిస్తే సంచుల్ని బడికి మాత్రం పంపకండి. పిలుపు అందని పిల్లల ఎదుట పంచడం చూడలేక నేనే రెండుసార్లు వెనక్కి పంపాను.

బొమ్మల కొట్టు

ఇలాంటి సరుకే అమ్ముతాను. నా వ్యాపారానికి నష్టమైనా సరే, ఉన్నమాట చెప్తాను.

నింపి ఉంచిన సంచులు కొనకండి. అందులో ఐదు వస్తువులుంటే రెండే పిల్లలు ముట్టుకునేవి. మిగతా మూడూ సంచి నిండుగా కనిపించడానికి పెట్టేవి. ఊదితే ఒకసారి మోగి ఆగిపోయే ఈల, తిరగని బొంగరం, ఎవరి వేలికీ పట్టని ఉంగరం. తల్లులు ఇవి చూసి ఐదు వస్తువులు ఇచ్చామని తృప్తి పడతారు. ఆ ఐదిటి డబ్బుతో ఒక్క మంచి వస్తువు వస్తుంది.

సంచి సంగతీ చూసుకోండి. బొమ్మ ముద్రించిన సంచి, రిబ్బను, పేరు చీటీ కలిపితే లోపలి వస్తువంత అయిన సందర్భాలు నా కొట్లోనే ఉన్నాయి. ఇంటికెళ్ళాక అది చించి అవతల పడేస్తారు. మామూలు కాగితం సంచి మీద పాప చేత పేరు రాయించండి, చాలు.

మాకు సరుకు డజన్లలో వస్తుంది. 30 కావాలంటే మూడు డజన్లు అంటగడతారు, 36. ఆరు మిగులుతాయి. కొనేముందే అడగండి, "విప్పని పెట్టె వెనక్కి తీసుకుంటారా" అని. చాలామంది తీసుకుంటారు, అడిగితేనే. వస్తువు ఎంచేటప్పుడు కూడా, మిగిలితే మీ ఇంట్లో వాడుకునేదే ఎంచుకోండి. రంగు పెన్సిళ్ళు ఆరు పెట్టెలు మిగిలితే ఏడాది వాడుకుంటారు, ప్లాస్టిక్ కళ్ళజోళ్ళు ఆరు మిగిలితే ఏం చేస్తారు?

పిల్లల వార్డు నర్సు

ఎంత పెట్టాలో నేను చెప్పలేను. కానీ తక్కువ డబ్బులో ఎక్కువ వస్తువులు పెట్టాలని చూసినప్పుడే ప్రమాదం వస్తుంది కాబట్టి ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. కొంచెం పొడుగైనా చదవండి.

మొదట, మిణుకు మిణుకుమనే ఉంగరాలు, లైటు వెలిగే కీచైన్లు. వాటిలో నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే, ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల వెడల్పుది అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. బ్యాటరీ పగిలి కారితేనే ప్రమాదం అనుకుంటారు, అది కాదు. తడి తగలగానే కరెంటు ప్రవహించి అక్కడ క్షారం పుడుతుంది, ఆ క్షారమే కండని తినేస్తుంది. వెలగడం మానేసిన బ్యాటరీలో కూడా అందుకు చాలినంత శక్తి మిగిలి ఉంటుంది. మూతకి స్క్రూ లేని లైటు బొమ్మ ఏదీ సంచిలో పెట్టకండి. మింగారని అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చిన్న చిన్న అయస్కాంతపు గుండ్లు కూడా వద్దు. ఒకటి కంటే ఎక్కువ మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని పేగుకి చిల్లు పెడతాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు పూసలు కడుపులోకి వెళ్ళాక కూడా ఉబ్బుతాయి, పేగుకి అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు. ఊదని బెలూన్లు, పగిలిన బెలూను ముక్కలు ఎనిమిదేళ్ళలోపు పిల్లల గొంతుకి అడ్డం పడగలవు. సంచిలో "ఖాళీగా ఉంది, రెండు బెలూన్లు పడేద్దాం" అనుకునేవాళ్ళు దయచేసి ఆగండి.

మూడేళ్ళలోపు పిల్లల కోసం చిన్న భాగాలు పరీక్షించే గొట్టం వెడల్పు దాదాపు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా వాళ్ళకి పనికిరాదు. ఇంట్లో అయితే టిష్యూ పేపరు చుట్ట మధ్యలోని అట్ట గొట్టంతో చూసుకోండి. అది ఇంకొంచెం వెడల్పు కాబట్టి మనం జాగ్రత్త వైపే ఉంటాం. మీ పార్టీకి వచ్చేది ఆరేళ్ళవాళ్ళే అయినా, ఆ సంచి ఇంటికెళ్ళాక తెరిచేది చెల్లెలు కావచ్చు.

తినేవి పెడితే గట్టి గుండ్రటి బిళ్ళలు, గింజలు ఐదేళ్ళలోపు వాళ్ళకి వద్దు. విడిగా కొని సంచుల్లో పోస్తే, లోపల ఏముందో రాసిన కాగితం మన ఇంట్లోనే ఉండిపోతుంది. పల్లీ, పాలు, గుడ్డు, నువ్వులు పడని పిల్లల తల్లులు దాన్ని నమ్మి ఇవ్వలేరు. పిలిచేటప్పుడే ఎవరికి ఏం పడవో అడిగేయండి.

నిత్యవాళ్ళమ్మ

నర్సుగారూ, నిజం చెప్తున్నాను, లైటు ఉంగరాలు 30 కొందామని పెట్టెలో వేసి పెట్టుకున్నాను. ఇప్పుడే తీసేశాను. మీకు చాలా రుణపడ్డాను.

రెండు గదుల నాన్న

చదివి ఊరుకుందామనుకున్నా కానీ "పాపని క్లాసులో ఏమైనా అంటారేమో" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మూడేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. అప్పుడు మావాడు ఒకటో క్లాసు. ఆ ఏడాది ఎవరింట్లో పుట్టినరోజు అన్నా మా ఇంట్లో ఒక అబద్ధం తయారయ్యేది. ఒకసారి జ్వరం, ఒకసారి ఊరు వెళ్తున్నాం, ఒకసారి తారీఖు మర్చిపోయాం. పట్టుకెళ్ళే బహుమతి కోసం కాదు. అది ఎలాగో సర్దేవాళ్ళం, మా ఆవిడ చేత్తో ఏదో ఒకటి కుట్టేది. వెళ్తే వాడు సంచి తెచ్చుకుంటాడు. సంచి తెచ్చుకుంటే మనమూ పిలవాలి. పిలిస్తే అలాంటి సంచి ఇవ్వాలి. అదీ భయం. మొదట్లో మామూలు సంచులే. క్లాసులో ఎవరో ఒకరు పెద్దది ఇచ్చారు, తర్వాతివాళ్ళు దానికి తగ్గకూడదనుకున్నారు. నాలుగైదు పుట్టినరోజులు తిరిగేసరికి మాకు అందనంత దూరం వెళ్ళిపోయింది. ఎవరూ మమ్మల్ని చిన్నబుచ్చాలని చేయలేదు. ఎవరికీ మేం ఉన్నామని కూడా తెలీదు.

మావాడు ఆ ఏడాది పుట్టినరోజు చేయమని అడగలేదు. "నాకు పార్టీలంటే ఇష్టం లేదు నాన్నా" అన్నాడు. ఆరేళ్ళవాడు. వాడికి అర్థమైందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు దేవుడి దయవల్ల కుదుటపడ్డాం. రిమోటు కారు ఇవ్వగలను కూడా. ఇవ్వను. ఎంత పెట్టాలి అని మీరు అడిగారు. నా కొలత ఇది: మీ పాప క్లాసులో తర్వాతి పుట్టినరోజు ఎవరిదో చూడండి. వాళ్ళ ఇంట్లో మీ సంచిని విప్పి చూసినప్పుడు, "ఇలాంటిది మనమూ ఇవ్వగలంలే" అనుకునేలా ఉండాలి. ముందు పార్టీవాళ్ళు ఏం ఇచ్చారన్నది వదిలేయండి. మీ తర్వాత వచ్చేవాళ్ళని చూసి కొనండి.

ముగ్గురికి అమ్మ

అన్నా, ఇది చదివి కాసేపు లేచి వెళ్ళిపోయాను. పది శాతం అని నేను గొప్పగా చెప్పాను, కానీ మా పది ఇంకొకరికి ఎంత అవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

పదేళ్ళకి పుట్టింది

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చెప్తాను. మాకు పెళ్ళయిన పదేళ్ళకి పాప పుట్టింది. ఆ పదేళ్ళూ ఎందరి పిల్లల పుట్టినరోజులకో వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చి, ఇంట్లో ఏడ్చాను. ఇప్పుడు మా పాప పుట్టినరోజున పిల్లల చేతిలో ఏదైనా పెద్దదే పెట్టాలనిపిస్తుంది. గొప్ప చూపించుకోవడానికి కాదండీ. సంతోషం పట్టలేక. పోయిన ఏడాది ఒక్కొక్కరికీ వీపున వేసుకునే బ్యాగు ఇచ్చాం. పిల్లలు వాటిని వేసుకుని గెంతుతూ వెళ్తుంటే చూసి నా కడుపు నిండిపోయింది. అది తప్పంటే ఏం చెప్పను?

రెండు గదుల నాన్న

తప్పు అనను చెల్లెమ్మా. మీ బాధ వేరు, మీ సంతోషం వేరు. ఒక్కటే అడుగుతాను. ఆ ఆనందాన్ని పార్టీలోనే ఖర్చుపెట్టేస్తే? ఇంద్రజాలం చేసేవాళ్ళని పిలవండి, గెంతే బెలూన్ల కోట పెట్టించండి, పిల్లలు అలసిపోయేదాకా ఆడనివ్వండి. పార్టీ ఎంత పెద్దదైనా మావాడిలాంటివాళ్ళు వచ్చి ఆడుకుని ఆనందంగానే వెళ్తారు. సంచి ఒక్కటే ఇంటిదాకా వచ్చి, బల్లమీద కూర్చుని, "మరి మీరేం ఇస్తారు" అని అడుగుతుంది.

చదువరి

ఆయన చెప్పిన ఆఖరి మాట మీద ఒకటి గుర్తొచ్చింది. ఫ్రెంచి సామాజికవేత్త మార్సెల్ మోస్ 1925లో ఇదే రాశాడు. కానుక ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, మూడూ బాధ్యతలేనట. బయటికి మనస్ఫూర్తిగా ఇచ్చినట్టే ఉంటుంది, లోపల మాత్రం తిరిగి ఇవ్వకపోతే మాట పడతామన్న ఒత్తిడి ఉంటుంది. కొన్ని సమాజాల్లో ఒకరిని మించి ఒకరు ఇచ్చుకుంటూ పోటీపడటం గురించి కూడా ఆయన రాశాడు.

మన సంచిలో చిక్కేమిటంటే ఈ లెక్క రెండుసార్లు నడుస్తుంది. వచ్చిన పిల్ల బహుమతి తెచ్చింది, సంచి ఇచ్చాం, బాకీ అక్కడితో తీరిపోవాలి. కానీ ఆ సంచి మళ్ళీ కొత్త బాకీ అవుతుంది, వచ్చే పుట్టినరోజుదాకా. తెచ్చిన బహుమతి కంటే సంచి ఖరీదైనదైతే, వచ్చినవాళ్ళు ఇచ్చి కూడా అప్పుపడినట్టే కదా. నిత్యవాళ్ళమ్మగారూ, ఆ రోజు మీరిద్దరూ మాట్లాడుకోకుండా కూర్చున్నది అందుకేనేమో.

లెక్కల మాస్టారు

డబ్బు వైపు నుంచి ఒక మాట. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో పండగ కానుకల మీద ఒక వ్యాసం రాశాడు. పుచ్చుకున్నవాళ్ళని "ఇది మీరైతే ఎంతకి కొనేవారు" అని అడిగితే, ఇచ్చినవాళ్ళు పెట్టినదాని కంటే తక్కువే చెప్పారు. కానుకల విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా అలా ఆవిరైపోతుందని తేల్చాడు. ఇచ్చేవాళ్ళకి పుచ్చుకునేవాళ్ళ ఇష్టం ఎంత తక్కువ తెలిస్తే నష్టం అంత ఎక్కువ.

అక్కడ ఒక మనిషికి ఒక కానుక. ఇక్కడ ఒకే వస్తువు 26 మందికి. అందులో సగం మంది పిల్లల ఇష్టాయిష్టాలు మనకి తెలీవు. కాబట్టి ఖరీదు పెంచిన కొద్దీ వృథా పెరుగుతుంది. అందరూ ఎలాగూ వాడేసి అయిపోగొట్టే వస్తువైతే ఆ వృథా తగ్గుతుంది. రంగులు, సుద్దముక్కలు, మట్టిముద్ద, కాగితాలు, విత్తనాలు. అయిపోయేది ఇవ్వండి. అటక మీదకి చేరేది వద్దు.

పచ్చని పెరడు

మాస్టారుగారూ విత్తనాలన్నారు కాబట్టి. మేం పోయినసారి పార్టీలోనే పిల్లల చేత కాగితం కప్పుల్లో పొద్దుతిరుగుడు గింజలు నాటించాం. అదే ఆట, అదే ఇంటికి పట్టుకెళ్ళేది. వారం పది రోజుల్లో మొలకలొచ్చాయి. తల్లులు ఫోటోలు పంపుతూనే ఉన్నారు. ఖర్చు దాదాపు లేదు. మందు పూసిన గింజలు మాత్రం తీసుకోకండి, అవి పిల్లల చేతికి మంచివి కావు.

మెరుపుల పొడి కూడా వద్దండీ. అది నలగ్గొట్టిన ప్లాస్టికే. యూరోపు దేశాల్లో 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ మెరుపుల అమ్మకాన్ని ఆపేశారు.

పెద్దపిల్ల తల్లి

మావాళ్ళకి పదకొండు. ఈ వయసొచ్చాక సంచి ఇస్తే సిగ్గుపడుతున్నారు. పోయినసారి మానేసి, ఆ డబ్బుతో ఇంకో గంట ఆట పెట్టించాం. మొదటి పుట్టినరోజుకి కూడా సంచులు అక్కర్లేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడొచ్చేది పెద్దవాళ్ళు, బిడ్డలు నిద్రపోతూ ఉంటారు. నిజంగా వీటికోసం ఎదురుచూసేది నాలుగు నుంచి ఎనిమిదేళ్ళవాళ్ళు.

వద్దనుకున్నం

ఇంకో ముచ్చట మరిచిన. రంగు పూసిన చౌక నగలు, గొలుసులు వద్దు. రంగులో సీసం ఉంటదో లేదో మనకు తెల్వది. సీసం ఇంతవరకైతే పర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది.

నిత్యవాళ్ళమ్మ

అందరివీ రెండేసిసార్లు చదివాను. మా ఆయనకి చదివి వినిపించాను. రెండు గదుల నాన్నగారూ, మీ మాటలు విన్నాక క్లాసు పేర్ల జాబితా తీసి చూశాం. మా పాప తర్వాత పుట్టినరోజు ఇద్దరు పిల్లలది. అందులో ఒక బాబు ఈ ఏడాది ఏ పార్టీలోనూ కనిపించలేదు. నేను ఇప్పటిదాకా గమనించనే లేదు. ఆ అమ్మతో నాకు పరిచయం కూడా లేదు. పిలుపు మెసేజిలో పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసి పిలుద్దామనుకుంటున్నా. అతిగా అనిపిస్తుందా?

చిన్నబడి టీచరు

అనిపించదు. చేయండి. "మా పాప మీ బాబు పేరు చెప్పి అడిగింది" అనండి. అబద్ధం కాకుండా ఉండాలంటే ముందు పాపతో ఆ మాట అనిపించండి.

నిత్యవాళ్ళమ్మ

(ఐదు వారాల తర్వాత)

మన్నించండి, ఆలస్యమైంది. పార్టీ అయిపోయింది. ఎలా జరిగిందో చెప్తాను.

లావు సుద్దముక్కలు పెట్టెకి ఆరు, అదొక్కటే. 30 సంచులు. కాగితం సంచుల మీద పేర్లు పాపే రాసింది. నాలుగు రోజులు పట్టింది, ఇద్దరి పేర్లలో ఒత్తులు తిరగబడ్డాయి, దిద్దనివ్వలేదు. పార్టీకి ఖర్చయినదాంట్లో సంచుల వంతు వందకి ఆరు. ముగ్గురికి అమ్మగారు చెప్పిన పది కూడా దాటలేదు.

మొత్తం సాఫీగా జరిగిందని చెప్పను. ఒక బాబు గుమ్మం దగ్గరే సంచి విప్పి "కారు లేదా?" అన్నాడు. వాళ్ళమ్మ మొహం ఎర్రబడింది. నాకూ గుండె ఒక్కసారి జారింది. ఈలోగా మా పాప వాడి చేతిలోంచి ఒక సుద్ద తీసుకుని మెట్ల ముందు నేలమీద కారు గీసి చూపించింది. వాడు దానికి చక్రాలు పెట్టాడు. ఇంకో నలుగురు వచ్చి కూర్చున్నారు. ఇళ్ళకి వెళ్ళాల్సినవాళ్ళు మరో ముప్పావుగంట అక్కడే ఉండిపోయారు. నేల అంతా రంగులు. వాన పడేదాకా కడగలేదు.

నేను ఫోన్ చేసి పిలిచిన ఆ బాబు వచ్చాడు. వాళ్ళమ్మ మొదట్లో ఒక మూల నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు సంచిలోకి తొంగి చూసి, "ఇవి పెట్టె మొత్తం కొంటే ఎన్ని వస్తాయండీ?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ పెదవులు కదుపుతూ లెక్క వేసుకోవడం చూశాను.

నిన్న ఆ బాబు పుట్టినరోజు పిలుపు వచ్చింది.

రెండు గదుల నాన్న

తల్లీ, మీ పాపకి నా ఆశీస్సులు. ఇంకేం రాయలేకపోతున్నాను.

పదేళ్ళకి పుట్టింది

ఈ ఏడాది బ్యాగులు ఇవ్వట్లేదు. కోట పెట్టిస్తున్నాం, పిల్లలు గెంతడానికి. సంచిలో ఏం పెట్టాలో పాపనే ఎంచుకోమంటాను.

కొత్తగా చేరాను

ఈ చర్చ ఇప్పుడే చూశాను, ఒక చిన్న సందేహం. మా పిలుపుల్లో కవలలు ఉన్నారు. ఇద్దరూ కలిపి ఒకే బహుమతి తెస్తారు. సంచి ఒకటి ఇవ్వాలా, రెండా?

చిన్నబడి టీచరు

రెండండీ. ఇద్దరి పేర్లూ విడివిడిగా రాసి.